పిల్లి పుండు, పిల్లి నాలుక

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవారిలో పిల్లిని పెంచుతున్నవారు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. ఇప్పుడు, దాని ఒంటి మీద ఎప్పుడైనా ఎర్రగా కమిలిన మచ్చనో, రసి కారుతున్న పుండునో చూసి, కంగారులో ఇంట్లో చేతికి అందిన ట్యూబు ఏదో ఒకటి తీసి పూసినవారు మాత్రం చేతులు అలాగే ఉంచండి. దించినవారు చాలా తక్కువ. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ ప్రశ్న అడగలేదు. ఆ పని మనం ప్రేమతోనే చేస్తాం. మూగజీవి బాధ పడుతుంటే చూస్తూ కూర్చోలేక చేస్తాం. కానీ ఇన్నేళ్ళ పశువైద్యంలో, పుండు కంటే పుండుకు పూసిన పదార్థమే పిల్లికి ఎక్కువ చేటు చేసిన సందర్భాలను నేను నా కళ్ళతో చూశాను. అందుకే ఈ సాయంత్రం పుండు గురించి మాట్లాడే ముందు నాలుక గురించి మాట్లాడతాను.

పిల్లి మీ చేతిని నాకినప్పుడు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. గరుకు కాగితంతో రుద్దినట్టు ఉంటుంది కదా? ఆ నాలుక నిండా గొంతు వైపుకు వంగిన సన్నని ముళ్ళుంటాయి. అవి మెత్తని కండ కావు. మన గోళ్ళు ఏ పదార్థంతో తయారవుతాయో ఆ కెరటిన్‌తోనే తయారైనవి. ఆ ముళ్ళ కొసల్లో చిన్న గుంటలుంటాయి. నోట్లోని ఉమ్మిని అవి పట్టుకుని, దట్టమైన బొచ్చు లోపలికి, చర్మం దాకా తీసుకుపోతాయి. పిల్లి తాను మేలుకుని ఉన్న సమయంలో దాదాపు నాలుగో వంతు ఇలా ఒళ్ళు నాక్కోవడంలోనే గడుపుతుంది. ఒళ్ళు శుభ్రంగా ఉన్నప్పుడు ఇంతకన్నా మంచి దువ్వెన మరొకటి లేదు. అదే నాలుక పుండు మీద పడితే ఏమవుతుంది? రాత్రంతా కష్టపడి శరీరం అల్లుకున్న సన్నని కొత్త పొరను పొద్దున్నే పది సార్లు గీరి తీసేస్తుంది. పుండు చెమ్మగిల్లుతుంది. చెమ్మగిల్లిన చోట మళ్ళీ దురద పెడుతుంది. దురద పెట్టిన చోట మళ్ళీ నాకుతుంది. పెసరగింజంత మచ్చ రెండు రోజుల్లో అరచేతి మధ్య భాగమంత పచ్చి పుండు కావడానికి ఇంకేమీ అక్కరలేదు. జంతువు నాక్కుంటే పుండు దానంతటదే మానుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. దయచేసి దాన్ని ఇవాళ ఇక్కడే వదిలిపెట్టి వెళ్ళండి.

నాలుక చేసే రెండో పని ఇంకా ముఖ్యమైనది. మీరు పిల్లి చర్మం మీద ఏది రాసినా అది పిల్లి కడుపులోకే పోతుంది. మనకు పూత మందు వేరు, తాగే మందు వేరు. పిల్లికి ఆ తేడా లేదు. పిల్లికి పూసిన మందు తాగించిన మందే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుని ఇంటికి వెళితే నేను ఇక్కడికి వచ్చిన పని సగం అయినట్టే.

అలా కడుపులోకి పోయినదాన్ని పిల్లి కాలేయం అరాయించుకోగలిగితే మనకింత భయం ఉండేది కాదు. మన కాలేయంలో కొన్ని మందులను, ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే ఒక ఎంజైము వ్యవస్థ ఉంది. మాంసాహారం మీదే బతుకుతూ వచ్చిన పిల్లి జాతిలో అది చాలా బలహీనంగా ఉంటుంది. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలగడానికి కారణం అదే. పిల్లికి నొప్పిగా ఉందేమో, పావు ముక్క వేద్దామని అనుకునేవారు ఉంటారు. వద్దు. పావు ముక్క కూడా వద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ విషయంలోనూ ఇదే మాట.

ఇక పూతల సంగతికి వస్తాను. నీళ్ళలో వేస్తే పాలలా తెల్లబడే యాంటీసెప్టిక్ ద్రవాలు ఫినాల్ జాతికి చెందినవి. మన గాయానికి అవి మంచివే కావచ్చు, పిల్లి ఒంటికి విషం. టీ ట్రీ ఆయిల్ వంటి ఘాటైన సుగంధ తైలాలను సహజమైనవి కదా అని పూస్తారు. సహజమైనంత మాత్రాన పిల్లి కాలేయానికి వాటి మీద కనికరం కలగదు. వణుకు, తూలుడు, మత్తు, ఒక్కోసారి మరణం దాకా తీసుకుపోతాయి. స్పిరిట్ భగ్గున మండిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుసా పొంగుతుంటే క్రిములు చస్తున్నాయని మనకు తృప్తిగా ఉంటుంది గానీ, పుండును మాన్పడానికి వచ్చిన కణాలు కూడా ఆ నురుగులోనే చస్తాయి. జింక్ ఆక్సైడ్ ఉన్న తెల్లని క్రీములు, స్పర్శ పోగొట్టే మత్తు పూతలు, నొప్పుల జెల్లులు, మనుషుల దురదకు వాడే స్టెరాయిడ్ క్రీములు, వీటిలో ఏదీ పిల్లి నాకగలిగే చోట పూయదగినది కాదు. జుట్టు మొలవడానికి మనుషులు రాసుకునే మినాక్సిడిల్ చుక్కలైతే అతి కొద్ది మోతాదులోనే పిల్లులను చంపాయి.

పూసేది మన ఒంటికే అయినా జాగ్రత్త అవసరం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2015లో ఒక హెచ్చరిక చేసింది. ఫ్లర్బిప్రొఫెన్ అనే నొప్పి మందు కలిసిన క్రీమును యజమానులు తమ కండరాల నొప్పికి తమ ఒంటికే పూసుకున్నారు. పిల్లికి ఎవరూ పూయలేదు. అయినా రెండు ఇళ్ళలో పిల్లులు జబ్బు పడ్డాయి, కొన్ని చనిపోయాయి. మన చేతిని నాకి ఉండవచ్చు, మన దుప్పటి మీద పడుకుని ఆ తర్వాత ఒళ్ళు నాక్కుని ఉండవచ్చు. పూసుకున్న చేతితో పిల్లిని నిమరకూడదని చెబితే చాదస్తం అనుకోకండి.

ఇన్ని వద్దులు చెప్పాను కాబట్టి, మరి ఏం చేయాలి అని మీరు అడగాలి. ముందు వరుసలో అమ్మగారు అడగనే అడిగారు. చెబుతాను. ఇంట్లో చేయగలిగింది నిజంగా ఉంది, అది చిన్న పని కూడా కాదు.

మొదట చూడాలి. తాకకముందు చూడాలి. పిల్లి తిని, ప్రశాంతంగా ఉన్న వేళలో, వెలుతురు బాగా పడే చోట, తువ్వాలు పరచిన బల్ల మీద కూర్చోబెట్టుకోండి. చేతులకు తొడుగులు వేసుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను. బొచ్చును రెండు వేళ్ళతో పాయ తీసి పుండు అంచు ఎక్కడుందో వెతకండి. పైకి కనబడేది చిన్నదే కావచ్చు, బొచ్చు కింద ఎరుపు ఎంత దూరం పాకిందో అదే అసలు కొలత. చీము ఉందా? దుర్వాసన ఉందా? నొక్కితే లోపల నీటి సంచిలా మెత్తగా కదులుతోందా? పక్కపక్కనే రెండు సన్నని రంధ్రాలు ఉన్నాయా? పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీయండి. రోజూ అదే నాణెం పెట్టి, అదే వేళకు తీయండి. పుండు తగ్గుతోందో పెరుగుతోందో మన మనసు మనకు సరిగా చెప్పదు. కంగారుపడేవారికి రోజూ పెరిగినట్టే ఉంటుంది, ధైర్యస్తులకు రోజూ తగ్గినట్టే ఉంటుంది. నాలుగు ఫోటోలు వరసగా పెడితే తెలిసిపోతుంది.

తర్వాత బొచ్చు. పుండు చుట్టూ బొచ్చు రసితో అట్టకట్టి ఉంటే దాని కింద గాలి ఆడదు, చెమ్మ ఆరదు. ఆ బొచ్చు తీయాలి. ఇక్కడ ఒక్క క్షణం నిదానంగా వినండి. కత్తెర వాడకండి. పిల్లి చర్మం పలచన, పైగా వదులుగా ఉంటుంది. అట్టకట్టిన బొచ్చును మీరు వేళ్ళతో పైకి లాగినప్పుడు చర్మం కూడా గుడారంలా దాంతోపాటే లేచి వస్తుంది, ఎక్కడ బొచ్చు ఆగిందో ఎక్కడ చర్మం మొదలైందో కంటికి ఆనదు. వృత్తిలోకి వచ్చిన మొదటి ఏడాది నేను అలాగే కత్తెర పెట్టాను. చిన్న చప్పుడు కూడా కాలేదు. పిల్లి కూడా అరవలేదు. బొచ్చు ముద్దతోపాటు వేలి గోరంత చర్మం తెగి వచ్చింది, కింద గులాబి రంగు కండ కనబడింది. పుండుకని వచ్చిన పిల్లికి నేను కుట్లు వేయవలసి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ పనికి కత్తెర ముట్టలేదు. చప్పుడు తక్కువ చేసే చిన్న ట్రిమ్మర్ ఉంటే దాన్ని చర్మానికి సమాంతరంగా ఉంచి, మెల్లగా నడిపించండి. ట్రిమ్మర్ లేకపోతే, పిల్లి ఒప్పుకోకపోతే, గోరువెచ్చని నీటితో అట్టను నానబెట్టి వేళ్ళతో విడదీయండి. అది కూడా కుదరకపోతే వదిలేయండి, వైద్యుడు తీస్తాడు.

కడగడానికి ఉప్పు నీళ్ళు చాలు. చాలు అంటే, సరిపెట్టుకోవడానికి చెబుతున్న మాట కాదు, అంతకన్నా మంచిది అక్కరలేదని అర్థం. ఒక లీటరు నీళ్ళు మరగబెట్టి, 9 గ్రాముల ఉప్పు కలిపి, పూర్తిగా చల్లార్చండి. కొలిచే సాధనం లేకపోతే పావు లీటరు నీటికి చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు దాదాపు సరిపోతుంది. ఎక్కువ ఉప్పు వేస్తే ఎక్కువ క్రిములు చస్తాయని చెయ్యి జారనివ్వకండి. ఆ లెక్క మన రక్తంలో, పిల్లి రక్తంలో ఉండే ఉప్పదనానికి దగ్గరగా ఉండేది, అందుకే మంట పుట్టదు. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోండి. దూది వద్దు, దాని పోగులు పుండులో చిక్కుకుంటాయి. గాజుగుడ్డ ముక్కను ముంచి, పుండు మీద రెండు మూడు నిమిషాలు అలాగే ఆనించి ఉంచండి. రుద్దకండి. ఎండిన పెచ్చులు నాని వాటంతటవి ఊడినవి ఊడతాయి, ఊడనివాటిని గిల్లి తీయకండి. తర్వాత పొడి గాజుగుడ్డతో అద్దండి. రోజుకు రెండుసార్లు ఇలా చేస్తే చాలు. మరీ ఎక్కువగా కడిగినా చర్మం నానిపోయి పుండు ఆలస్యంగా మానుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ వాడవచ్చా అని తెలిసినవారు అడుగుతారు. వాడవచ్చు, కానీ పలచగా. 2 శాతం ద్రవమైతే దాన్ని ఒక పాలు తీసుకుని 39 పాళ్ళ మంచినీళ్ళలో కలపాలి; ఉప్పు నీళ్ళలో కాదు, మామూలు నీళ్ళలో. సబ్బు కలిసిన రకం కాకూడదు. కంటికి, చెవి లోపలికి చుక్క కూడా పోకూడదు, వినికిడి దెబ్బతింటుంది. అద్దిన తర్వాత పూర్తిగా ఆరేదాకా పిల్లిని నాకనివ్వకూడదు. ఈ షరతులన్నీ గుర్తుండవు అనుకునేవారు ఉప్పు నీళ్ళ దగ్గరే ఆగిపోండి, నష్టమేమీ లేదు.

ఇప్పుడు నాలుకను ఆపడం. ఇదే అసలు చికిత్స, తక్కినదంతా దీనికి తోడు. మెడకు కట్టే గరాటు లాంటి కాలర్, మనం కోన్ అంటాం, అది కట్టగానే పిల్లి వెనక్కి వెనక్కి నడుస్తుంది, గోడలకు తగులుకుంటుంది, మూల కూర్చుని మన వైపు చూస్తుంది. ఆ చూపు చూసి మనం గంటలో తీసేస్తాం. అవునా, కాదా? తీయకండి. చాలా పిల్లులు ఒకటి రెండు రోజుల్లో అలవాటు పడతాయి. మెడకూ కాలర్‌కూ మధ్య మీ రెండు వేళ్ళు దూరాలి, అంతకన్నా బిగువు వద్దు, వదులు వద్దు. అంచు పిల్లి ముక్కు కొస కంటే కొంచెం ముందుకు ఉండాలి. పొట్టిగా ఉంటే తోక మొదలును, తొడను హాయిగా నాకేస్తుంది. గుడ్డతో చేసిన మెత్తని రకం హాయిగా ఉంటుంది గానీ కొన్ని పిల్లులు దాన్ని మడిచి దాటేస్తాయి, మీ పిల్లి సంగతి మీరు చూసి తెలుసుకోవాలి. వెడల్పాటి పళ్ళెంలో తిండి, నీళ్ళు పెట్టండి. అయినా తినకపోతే, తినే సమయానికి మాత్రం తీసి, మీరు పక్కనే కూర్చుని, తినగానే మళ్ళీ కట్టండి. పిల్లి తిండి మానేస్తే మాత్రం మనం రోజుల తరబడి ఆగకూడదు, ఆకలితో ఉన్న పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి అది వేరే జబ్బు అవుతుంది. తల మీదో మెడ మీదో పుండు ఉంటే అక్కడికి నాలుక అందదు, వెనక కాలి గోళ్ళు అందుతాయి. అప్పుడు గోళ్ళ కొసలు కత్తిరించాలి.

కట్టు కడతామని చాలామంది అంటారు. ఇంట్లో కట్టకండి. కాలికి కట్టిన కట్టు కాస్త బిగిస్తే రక్తం ఆడక వేళ్ళు వాచిపోతాయి, తడిసిన కట్టు కింద పుండు కుళ్ళిపోతుంది, వదులైన కట్టును పిల్లి కొరికి మింగుతుంది.

ఇంతవరకూ పుండును మాన్పడం గురించి చెప్పాను. అది ఎందుకు పుట్టింది? ఈ ప్రశ్న అడగకుండా మాన్పిన పుండు నెల తిరక్కుండా పక్కనే మళ్ళీ లేస్తుంది. వెన్ను మీద, తోక మొదట్లో, మెడ చుట్టూ వేలికి ఆవగింజల్లా తగిలే చిన్న చిన్న పెచ్చులు ఉన్నాయంటే ముందుగా అనుమానించవలసింది ఫ్లీలను. ఫ్లీ అంటే రెక్కలు లేని, గెంతుతూ రక్తం పీల్చే చిన్న పురుగు. దాని ఉమ్మి పడని పిల్లికి నాలుగైదు కాట్లు చాలు, ఒళ్ళంతా గీరుకుంటుంది. మా పిల్లి ఒంటి మీద ఒక్క పురుగు కూడా కనబడలేదండీ అంటారు. కనబడదు, ఎందుకంటే పిల్లి వాటిని నాకి మింగేస్తుంది. తడిపిన తెల్ల కాగితం పిల్లి కింద పరచి, వెన్ను మీద బొచ్చును ఎదురు దువ్వండి. రాలిన నల్లని నలుసు తడి కాగితం మీద ఎర్రటి గోధుమ రంగులో పాకితే అది మట్టి కాదు, ఫ్లీ విసర్జించిన రక్తం. మీ కళ్ళ ముందే ఆ చుక్క ఎర్రగా విచ్చుకుంటుంది.

అది తేలిన తర్వాత మందు వేయాలి. అయితే ఆ మందు పిల్లుల కోసమే తయారైనదై ఉండాలి, దాని బరువుకు తగినదై ఉండాలి. కుక్కకు వేసే మెడ చుక్కల్లో పెర్మెత్రిన్ ఉన్న రకాలున్నాయి. కుక్కకు ఏమీ కాదు, పిల్లికి ఒళ్ళంతా వణుకు, ఫిట్లు వస్తాయి, చనిపోతుంది. ఇంట్లో రెండూ ఉంటే, కుక్కకు ఆ చుక్కలు వేసిన తర్వాత పిల్లి దాన్ని నాకకుండా, దాని పక్కన పడుకోకుండా చూడాలి. పిల్లి ఒంటి మీద ఉన్న ఫ్లీలు మొత్తంలో చిన్న భాగమే. గుడ్లు, లార్వాలు, గూళ్ళు పరుపుల్లో, నేల సందుల్లో ఉంటాయి. పరుపు గుడ్డలు వేడి నీటిలో ఉతకకుండా, నేల మూలలు ఊడ్చకుండా పిల్లికి మాత్రమే మందు వేస్తే పని కాదు.

పుండు గుండ్రంగా, బొచ్చు ఊడి, అంచున పొట్టు లేస్తూ ఉంటే అది తామర కావచ్చు. తామర మనకు అంటుతుంది, పిల్లలకు మరీ తేలికగా అంటుతుంది. చేతికి తొడుగులు ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది కదా. ఇక, మా పిల్లికి బెంగ పట్టుకుంది, అందుకే నాక్కుంటోంది అని చెప్పేవారు నా దగ్గరకు తరచుగా వస్తారు. బెంగ ఉండదని అనను. కానీ 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మానసిక కారణంతోనే బొచ్చు నాకి ఊడగొట్టుకుంటున్నాయని అనుకున్న 21 పిల్లులను పూర్తిగా పరీక్షిస్తే, 16 పిల్లులకు దురద పుట్టించే శారీరక కారణం దొరికింది. కేవలం మానసికమని తేలినవి రెండే. దిగులని తీర్మానించే ముందు దురదను వెతకాలి.

ఏ పుండును ఇంట్లో చూసుకోవచ్చు, దేన్ని చూసుకోకూడదు? నేను పెట్టుకున్న హద్దు చెబుతాను. మీ బొటనవేలి గోరు కంటే చిన్నదై, పైపైన ఉండి, చీము లేక, పిల్లి మామూలుగా తింటూ ఆడుతూ ఉంటే, నేను చెప్పినవి చేస్తూ మూడు రోజులు చూడండి. మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే తీసుకుని రండి. కొట్లాటలో పడిన కాటు అయితే మూడు రోజులు కూడా వద్దు. కోరపన్ను సూదిలా లోతుకు దిగి క్రిములను నాటేస్తుంది, పైన చర్మం ఒక్క రోజులో మూసుకుంటుంది, లోపల చీము గడ్డ కడుతుంది. పైన ఎంత కడిగినా ఆ చీము రాదు. పుండులో పురుగులు పడినా, జ్వరం ఉన్నా, కంటి దగ్గర లేచినా, పిల్ల పిల్లి అయినా, అదే రోజు రావాలి. తెల్లని చెవులున్న పిల్లికి చెవి కొసన, ముక్కు మీద మానని పెచ్చు ఉంటే దాన్ని చిన్నదని వదిలేయకండి. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ సరిగ్గా అలాగే మొదలవుతుంది. మొదట్లో తీసుకొచ్చిన చెవి కొసకు, ఆలస్యంగా తీసుకొచ్చిన చెవికి మధ్య నేను చూసిన తేడా మీకు చెప్పడం నాకు కష్టం.

చికిత్స చేస్తుండగా పిల్లి మిమ్మల్ని కరిస్తే, పుండు సంగతి పక్కన పెట్టి ముందు మీ చేతిని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. పిల్లి కాటు పైకి చిన్నదిగా ఉండి లోపల చీము పడుతుంది, రేబిస్ టీకా అవసరమా లేదా అన్నది కూడా వైద్యుడే చెప్పాలి.

వెనుక నుంచి ఒకరు చీటీ పంపారు. కోన్ ఎప్పుడు తీయాలి అని. మంచి ప్రశ్న, నేను చెప్పకుండా వదిలేసిన విషయం. పెచ్చు రాలిపోయిందని అదే రోజు తీయకండి. పెచ్చు కింద ఉన్న చర్మం లేత గులాబి రంగులో, ఉల్లిపొరలా ఉంటుంది, నాలుగు నాకులకు మళ్ళీ చిరుగుతుంది. ఇంకో నాలుగైదు రోజులు ఉంచండి. ఆ లేత చర్మం మీద సన్నని నూగు మొలవడం కంటికి కనబడినప్పుడు, మొదట మీరు ఎదురుగా కూర్చుని ఒక గంట తీసి చూడండి. పిల్లి ఒళ్ళంతా సమంగా నాక్కుంటే తీసేయవచ్చు. తిన్నగా ఆ ఒక్క చోటికే వెళ్ళి నాకితే, దురద ఇంకా లోపల ఉందన్నమాట. కోన్ మళ్ళీ కట్టి, తడి కాగితం తీసుకుని వెన్ను మీద దువ్వడం మళ్ళీ మొదలుపెట్టండి.